రాయి అడుగున పేరు

మా బావ చచ్చిపోయాడు. చచ్చిన వారం తిరక్కముందే మళ్ళీ పుట్టాడు. పుట్టి, పాలు తాగి, బుగ్గలొచ్చాక, బతికి ఊళ్ళోకి వచ్చాడు. ఈ మూడూ వరసలో జరిగి ఉంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. వరస తప్పింది. ఇందులో ఎవరి తప్పు ఎంతో నేను తూచి చెప్పలేను గానీ, మా బావదే ఎక్కువని ముందే చెప్పేస్తున్నాను. తరవాత నన్ను అడగొద్దు.

ఆయన పేరు తగాలిక్. మా అక్క మియాలియా మొగుడు. ఈ మంచు తీరంలో బలపపు రాయి చెక్కని ఇల్లు లేదు. ఆడవాళ్ళమూ చెక్కుతాం. చెక్కింది సొసైటీ కొట్లో ఇచ్చి టీపొడీ, తూటాలూ తెచ్చుకుంటాం. కాకపోతే మేం చెక్కేది సీల్ బొమ్మ, ఆయన చెక్కేది సీల్. అప్పుడే నీళ్ళలోంచి తల పైకెత్తి, మనల్ని చూసి, మునగనా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఉండేది. రాయి ఎంచుకునేటప్పుడు గొడ్డలి మడమతో మెల్లిగా తట్టి చెవి ఆనించేవాడు. ఖంగున మోగితే తీసుకునేవాడు. బొదబొదమంటే లోపల పగులుందని కాలితో తన్నేసేవాడు. మనుషుల్నీ అలాగే ఎంచేవాడు.

పనంతా అయ్యాక బొమ్మని బోర్లించి, అడుగున సన్నటి మొనతో తన పేరు చెక్కేవాడు. ఆ పేరు పడేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. "పేరు లేనిది ఉత్త రాయేనే నివీ. కుక్కల మీదికి విసరడానికి పనికొస్తుంది" అనేవాడు నాతో. దక్షిణాన పెద్ద ఊళ్ళలో, మా ఊరు ఎక్కడుందో తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలుసట.

నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ నోరు మంచిది కాదు. జేపెటీ అని ఆయన చెల్లెలి కొడుకు ఒకడున్నాడు. తల్లి పోయాక మేనమామ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఒకసారి నెలంతా కూచుని వాల్రస్‌ని చెక్కి సొసైటీకి తెచ్చాడు. బావ దాన్ని అందరి ముందూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఏంట్రా ఇది?"

"వాల్రస్, మామయ్యా."

"ఓహో. మీ అత్త పాత బూటేమో అనుకున్నా. పేరు చెక్కావా?"

"ఇంకా లేదు."

"మంచి పని చేశావు. ఎవరికీ తెలీదు" అని మెట్టుకేసి కొట్టాడు. దంతాలొక ముక్కా, తలొక ముక్కా అయింది. అందరం నవ్వాం. మాలో పదిమంది నవ్వితే నవ్వించుకున్నవాడూ నవ్వాలి, లేకపోతే వాడికి బుద్ధి రాలేదని అర్థం. జేపెటీ కూడా నవ్వాడు. నవ్వుతూనే ముక్కలన్నీ ఏరి కోటు జేబులో వేసుకున్నాడు. ముక్కలెందుకురా అని నేనడిగితే, "దాచుకుంటాను అత్తా" అన్నాడు.

ఆ వసంతంలో బావ సీల్‌ల కోసం సముద్రం మీద గడ్డకట్టిన మంచు అంచుకి వెళ్ళాడు. గాలి తీరం వైపు నుంచి తిరిగి, ఆయన నిలబడ్డ మేర మేరంతా తెగి సముద్రంలోకి కొట్టుకుపోయింది. మగవాళ్ళు పడవలు ఈడ్చుకుంటూ వెళ్ళి వెతికారు. తెగిన తాడుతో ఒక కుక్క దొరికింది, ఆయన దొరకలేదు. ఫాదర్ గుడిలో ప్రార్థన చేశాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు కదా, ఆయన నోటికి జడిసి సొసైటీకి దారి మార్చుకుని వెళ్ళినవాళ్ళు కూడా, ఎంత సరదా మనిషని ఏడ్చారు. అందరికన్నా ఎక్కువ ఏడ్చింది జేపెటీ. ఆ ఏడుపు అబద్ధమని నేననను.

ఆ వారంలోనే జేపెటీ పెళ్ళాం ఊలూసీ కన్నది. మగపిల్లాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఒకటే ఏడుపు, రొమ్ము పట్టడు. మంత్రసాని అలాషువా అవ్వ వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడికి కావలసిన పేరేదో కనుక్కోవడానికి, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పలికింది. వాళ్ళ అమ్మమ్మ పేరు, మునిగిపోయిన చిన్నాన్న పేరు, ఎప్పుడో ఆకలి చావు చచ్చిన ముత్తాత పేరు. ఏడుపు ఆగలేదు. "తగాలిక్" అంది. ఆగింది. వత్తి కొస మలిపినట్టు ఆగింది. నేనక్కడే ఉన్నాను, ఇది ఎవరో చెప్పిన మాట కాదు.

పేరొస్తే మనిషొచ్చినట్టే. మా అక్క వాణ్ణి తీసుకుని తన చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని, "వచ్చావా? బాగా చలేసిందా అక్కడ?" అని అడిగింది. వాడి పాదాలు ముద్దు పెట్టుకుంది. మా బావ పాదాలు మా అక్క ఎన్నడూ ముద్దు పెట్టుకుని ఎరగదు. ఆ రోజు నుంచి వాడు ఆమెకి మొగుడు, నాకు బావ, కన్నతండ్రి జేపెటీకి మామయ్య. "మామయ్య నా ఒళ్ళో ఉచ్చ పోశాడు, పోయిన జన్మలోనూ ఇంతే చేశాడు నాకు" అని జేపెటీ ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. ఎవరి వస్తువులు వాళ్ళకి చెందాలి కాబట్టి, మా అక్క బావ గొడ్డలీ ఆకురాళ్ళూ మొనలూ, సగం చెక్కి వదిలేసిన పచ్చరాయీ అన్నీ మూటగట్టి ఆ పిల్లాడికి ఇచ్చేసింది.

పిల్లాడు ఆకురాయి పట్టలేడు కదా. జేపెటీ పట్టాడు. ఆ సగం సీల్‌ని పూర్తిచేశాడు. తరవాత ఇంకోటి, ఇంకోటి. మంచి పనిముట్లో, వెనక నిలబడి ఎగతాళి చేసే నోరు లేకపోవడమో, వాడి రాళ్ళు నిజంగానే నున్నగా, తడిగా, బతికినట్టు వచ్చాయి. బోర్లించి అడుగున పేరు చెక్కాడు. తన పేరు కాదు. "ఇవన్నీ తగాలిక్‌వి. వాడి చేతులు ఇంకా చిన్నవి. పెద్దయ్యేదాకా నావి అరువిస్తున్నా" అన్నాడు. అందులో మాకెవరికీ తప్పు కనబడలేదు.

మంచు కరిగి సముద్రం తెరుచుకున్నాక అవతలి తీరం పడవొకటి వచ్చింది. అందులోంచి మా బావ దిగాడు.

మంచుగడ్డ ఆయన్ని అవతలి ఒడ్డుకి చేర్చిందట. అక్కడ గుడారాల్లో ఉండే జనం చూసుకున్నారట. వేళ్ళు నల్లబడితే అక్కడి ముసలమ్మ చర్మాలు కోసే కత్తితోనే తీసేసిందట. కుడిచేతికి బొటనవేలు మిగిలింది. ఎడమచేతికి బొటనవేలూ చూపుడువేలూ. ఒడ్డున అందరం నిలబడి చూస్తున్నాం, ఒక్కరం అడుగు ముందుకెయ్యలేదు. మా అక్క వీపున, బిడ్డల్ని మోయడానికి కోటుకి కుట్టుకునే పెద్ద టోపీలో, ఆ పిల్లాణ్ణి వేసుకుని నిలబడి ఉంది.

"ఏంటే, దయ్యాన్ని చూసినట్టు చూస్తావు? టీ అయినా పెట్టావా?" అన్నాడు బావ.

మా అక్క ఆయన మొహం చూసి, "నువ్వు నా వీపు మీద నిద్రపోతున్నావు" అంది.

ఆయన నవ్వాడు, వేళాకోళమనుకున్నాడు. ఇంటికెళ్ళి ఖాళీ పనిముట్ల పెట్టె చూసుకుని అప్పుడు నవ్వు ఆపేశాడు.

మర్నాడు అలాషువా అవ్వ అందర్నీ కూచోబెట్టింది. అవ్వ మాట తిన్నగా ఉంటుంది. "ఒక పేరు ఇద్దరు మోయడం కొత్తేం కాదు. పెద్దవాడు బతికుండగానే చిన్నవాడికి ఇస్తాడు, తన నోటితో ఇస్తాడు, ఇద్దరూ బాగుంటారు. ఇక్కడ నువ్వు పోయావని పేరు దానంతట అది వచ్చింది. ఇప్పుడు నువ్వు పిల్లాణ్ణి ఎత్తుకుని, ఇచ్చానని ఒక్క మాట అను. చేతిలో ఏదో ఒకటి పెట్టు. అయిపోతుంది. అనకపోతే ఆ పేరు ఇద్దరి మధ్యా పీకులాడుకుంటుంది. బలం లేనివాడు పడిపోతాడు."

"ఇవ్వను" అన్నాడు బావ.

"ఎందుకు ఇవ్వవు?"

"నేను చస్తానని మీకు చెప్పి చావలేదు. మీరు తీసుకుంటామని నన్నడిగి తీసుకోలేదు. నా చేతులు సముద్రం తీసుకుంది. నా గొడ్డలి వీడు తీసుకున్నాడు. పేరు కూడా ఇచ్చేస్తే ఇంక నేనెవర్ని?"

"ముసలాడివి" అంది అవ్వ. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మా బావ నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

పనిముట్లు ఇవ్వమని జేపెటీని అడిగాడు.

"అవి నావి కావు మామయ్యా, తగాలిక్‌వి."

"తగాలిక్‌ని నేనేరా."

"నువ్వూ అవును. కానీ నీకు వాటితో పనేముంది?" అని ఆయన చేతుల వైపు చూసి కళ్ళు దించుకున్నాడు జేపెటీ. చూడకుండా అన్నా బాగుండేది. అయినా ఒక పాత ఆకురాయీ, మొండి గొడ్డలీ తెచ్చి గుమ్మంలో పడేసి వెళ్ళాడు.

ఆ ఎండాకాలమంతా నేను బావ పక్షమే. పొద్దున్నే వెళ్ళి సీల్ తోలు పట్టీతో ఆకురాయిని ఆయన కుడి మణికట్టుకి బిగించి కట్టేదాన్ని. ఎడమచేతి రెండు వేళ్ళతో రాయిని అదిమి, కుడిచేతిని మోచేతి దగ్గర్నుంచీ ఊపుతూ అరగదీసేవాడు. గొడ్డలి రెండు మణికట్ల మధ్య పట్టుకునేవాడు, సగం దెబ్బలు తప్పి మోకాలికి తగిలేవి. తెల్లటి పొడి, అందులో నెత్తురు చారలు. పాపమనిపించి కళ్ళు తిప్పుకుంటే ఊరుకునేవాడు కాదు.

"గట్టిగా కట్టవే. నీ మొగుణ్ణి కట్టేసినట్టు కట్టు."

"నా మొగుణ్ణి కట్టెయ్యక్కర్లేదు బావా, తిండి పెడితే చాలు ఎక్కడికీ పోడు. మంచు మీద కొట్టుకుపోయేది నీలాంటివాళ్ళే."

"అయితే మీ అక్క తిండి సరిగ్గా పెట్టలేదన్నమాట."

అక్క అప్పటికి ఆయనకి వండటం తగ్గించేసింది. మాంసంలో మొదటి ముక్క నమిలి పిల్లాడి నోట్లో పెట్టేది. కాలేయం ముక్క కూడా వాడికే. ఆయన ముందు గిన్నె పెట్టేది గానీ ఎదురుగా కూచునేది కాదు. ఒక మొగుడున్నవాళ్ళకే తీరిక ఉండదు, ఆమెకి ఇద్దరు.

ఏం చెక్కుతున్నావు బావా అంటే చెప్పేవాడు కాదు. చలిగాలులు మొదలయ్యే ముందు, రాయి మీద కప్పిన తోలు తీసి చూపించాడు. ఒక ఆడమనిషి, వీపున టోపీలో బిడ్డ. ఆడమనిషి నడుమూ, వంగిన తీరూ చూస్తే ఊలూసీ అని గుడ్డివాడు కూడా తడిమి చెప్తాడు. బిడ్డకి మాత్రం ముసలి మొహం. పళ్ళు లేని నోరు, ముడతలు, చలికి చచ్చిన బుగ్గలు. మా బావ మొహమే. వాడు తల్లి మెడని వెనక నుంచి రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. ఆ చేతులకి పది వేళ్ళూ ఉన్నాయి. రాయి గరుగ్గా ఉంది, గొడ్డలి గాట్లు అలాగే ఉన్నాయి, ఎక్కడా నునుపు లేదు. నేను అంత భయంకరమైన రాయి ఇంతవరకూ చూడలేదు, అంత మంచిది కూడా చూడలేదు. అడుగున పేరు. ఒక్కో అక్షరం ఒక్కో వైపుకి పడిపోతోంది.

ఊరంతా వచ్చి చూసి నవ్వారు. ఊలూసీ కూడా వచ్చింది. మా పద్ధతి ప్రకారం ఆమే నవ్వాలి. నవ్వలేకపోయింది. వీపున ఉన్న పిల్లాడి మీద టోపీ ముందుకి లాక్కుని వెళ్ళిపోయింది. బావ ఆమె వెనకనుంచి, "బిడ్డ బరువుగా ఉన్నాడా?" అని అడిగాడు.

సొసైటీకి ఆ వేసవి ఓడలోనే కొత్త దొర వచ్చాడు. పాత దొరకి బావ తెలుసు, ఈయనకి రాళ్ళు తప్ప మనుషులు తెలియరు. నేనక్కడ ఊడుస్తాను, వాళ్ళ భాష నాలుగు ముక్కలు వచ్చు, అందుకని మాట చెప్పడానికి నన్నే పిలుస్తారు. బావ ఆ రాయిని స్లెడ్జి బండి మీద లాక్కొచ్చి, నేనో చెయ్యేస్తే బల్ల మీదికెక్కించాడు. దొర దాని చుట్టూ తిరిగి, బోర్లించి అడుగు చూసి, అల్మారాలోంచి జేపెటీ చేసిన సీల్ తీసి పక్కన పెట్టాడు. ఒకటి నిగనిగలాడుతోంది, ఒకటి కొండరాయిలా ఉంది.

"తగాలిక్ పని నాకు తెలుసు. ఇది తగాలిక్ కాదు. ఇంకొకడి పేరు వాడుకోవడం తప్పని ఈ పెద్దాయనకి మెల్లిగా చెప్పు" అన్నాడు దొర.

మెల్లిగా చెప్పడానికి మా భాషలో మాట దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. బావ నా వంక చూసి, మూల నిలబడ్డ జేపెటీ వంక చూశాడు.

"నువ్వు చెప్పరా ఎవరిదో."

జేపెటీ ఒక్క మాటంటే అయిపోయేది. వాడు జేబులో చెయ్యి పెట్టుకుని ఏవో రాతిముక్కలు కలుపుతున్నట్టు చప్పుడు చేశాడు. "బూటుకీ వాల్రస్‌కీ తేడా తెలియనివాణ్ణి. రాళ్ళ సంగతి నాకేం తెలుసు మామయ్యా" అన్నాడు.

అందరూ నవ్వారు. అది నవ్వదగ్గ మాటే, కాదనను. నాకు మాత్రం ఒళ్ళు మండింది. దొర జాలిపడి బావ చేతికి ఒక టీపొడి పొట్లం ఇవ్వబోయి, చేతులు చూసి, కోటు జేబులో పెట్టాడు. ఆ రాయిని మోసుకెళ్ళే ఓపిక బావకి లేకపోయింది. దొర దాన్ని వెనక కొట్టు తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించాడు. నేను రోజూ దాని చుట్టూ ఊడ్చేదాన్ని.

సముద్రం గడ్డకట్టే రోజుల్లో పిల్లాడికి దగ్గు పట్టుకుంది. మొదట దగ్గు, తరవాత ఎగశ్వాస. నర్సమ్మ మందిచ్చింది, విమానం కోసం కబురు పెట్టింది. మంచుగాలికి విమానం దిగలేదు. అందరికీ తెలిసిన సంగతి నర్సమ్మకి తెలియదు. పేరు పీకులాడుకుంటోంది, బలం లేనివాడు పడిపోతున్నాడు.

అవ్వ వెళ్ళి బావని అడిగింది. ఇవ్వనన్నాడు. జేపెటీ వెళ్ళాడు. గొడ్డలీ మొనలూ ఆకురాళ్ళూ మూట మొత్తం ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, "అన్నీ తీసుకో మామయ్యా. దొరకి చెప్తాను. ప్రతి రాయీ తిప్పి చూపించి నాదని చెప్తాను. వాడికి ఒక్క మాట ఇయ్యి" అన్నాడు. జేపెటీ మోకాళ్ళ మీద ఉండటం ఊరు ఊరంతా కిటికీల్లోంచి చూసింది.

"ఇప్పుడు తెచ్చావా?" అన్నాడు బావ. "గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చి, ఇప్పుడు గొడ్డలి నాకిస్తావా?"

చివరికి మా అక్క వెళ్ళింది. ఏమందో నాకు తెలియదు. ఆయన లేచి ఆమె వెనక వచ్చాడు. సాయంత్రం, ఇంకా వెలుగుంది. ఊలూసీ ఇల్లు జనంతో నిండి ఉంది. ఆయన్ని చూడగానే దారిచ్చారు, ఎవరో తలుపు మూశారు, ఎవరో అప్పుడే ముక్కు చీదుకున్నారు ఇంక ఏడవక్కర్లేదన్నట్టు. పిల్లాడి మొహం మీద దుప్పటి తీయడం ఆయన చేతులకి చాతకాలేదు. నేనే తీసి పట్టుకున్నాను. అందుకే నాకు వినబడింది.

మా బావ వంగి ఆ పిల్లాడి మొహం చాలాసేపు చూశాడు. రాయిని ఎంచుకునేటప్పుడు ఆనించినట్టే వాడి రొమ్ముకి చెవి ఆనించాడు. ఇస్తాడనుకున్నాను, ఆ క్షణాన ప్రమాణం చేసి చెప్పగలిగేదాన్ని. అప్పుడు నోరు వాడి చెవి దగ్గర పెట్టి, "నాది నాకిచ్చెయ్" అన్నాడు.

లేచి నిలబడ్డాడు. ఊలూసీ ఆయన చెయ్యి అందుకుని కళ్ళకద్దుకుంది, ఇచ్చేశాడనుకుని. ఆయన ఆ చేతిని లాక్కోలేదు కూడా.

తెల్లారకముందే పిల్లాడు పోయాడు.

నేను విన్నది దాచలేదు. వాకిట్లోకొచ్చి అందరి ముందూ చెప్పాను. దాచి ఉంటే బాగుండేదని తరవాత ఫాదర్ అన్నాడు. ఫాదర్‌కి ఏం, ఆయన చెవిలో పడలేదు ఆ మాట. మా అక్క విన్నదో లేదో తెలియదు, పిల్లాడి చిన్న బూట్లు రెండూ చేతిలో పెట్టుకుని, "ఒకే మొగుడికి రెండుసార్లు ఏడవడం నా ఒక్కదానికే రాశాడు దేవుడు" అంది.

ఎవరూ ఏ తీర్మానమూ చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా. పోయినవాళ్ళ పేరు, అది మళ్ళీ ఏ బిడ్డకైనా వచ్చేదాకా, మేం పలకం. పెద్దవాళ్ళూ పలకరు, పిల్లలూ పలకరు. ఆ చలికాలం ఊళ్ళో ఎవరి నోటా తగాలిక్ అన్న మాట లేదు. మా బావ తనది తాను వెనక్కి తెచ్చుకున్నాడు, దాంతో ఆయన్ని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. గుమ్మంలోకొస్తే పక్కకి జరిగేవాళ్ళు, కుక్క వస్తే జరిగినట్టు కూడా కాదు, గాలి వస్తే జరిగినట్టు. అక్క గిన్నె పెట్టడం మానలేదు. పెట్టి, దీపం వత్తి సరిచేసుకుంటూ కూచునేది. "నేనే, తగాలిక్‌ని" అని ఆయనే అనేవాడు మొదట్లో. ఆ మాటకి అందరూ కళ్ళు దించుకునేవాళ్ళు, చచ్చినవాడి పేరు ఎత్తినందుకు.

జేపెటీ ఆకురాయి ముట్టలేదు. తగాలిక్ రాళ్ళు రావడం లేదేమని దొర నన్నడిగాడు.

"పోయాడు" అన్నాను.

"అయ్యయ్యో. నాకెవరూ చెప్పలేదేం? వయసెంత?"

"ఏ లెక్కన చూస్తే అంత" అన్నాను. దొరకి అర్థం కాలేదు, తల పంకించాడు. ఏదో గుర్తొచ్చినట్టు వెనక కొట్టుకెళ్ళి, తలుపుకి ఆనించిన రాయిని తనే దొర్లించుకుంటూ తెచ్చాడు. మోకాళ్ళ మీద కూచుని గుడ్డతో దుమ్ము తుడిచాడు. గొడ్డలి గాట్లని వేలితో తడిమాడు. అడుగున వంకర పేరు చూసి ఆయన కళ్ళు తడయ్యాయి. "జబ్బులో చేశాడు. చేతులు వణుకుతుంటే చేశాడు. నేను గుర్తుపట్టలేకపోయాను. ఇది అతని ఆఖరి రాయి" అన్నాడు.

మా బావ అక్కడే, పొయ్యి పక్కన నిలబడి ఉన్నాడు. దొర దగ్గరికి వచ్చి, మొండి చేత్తో తన రొమ్ము తట్టుకుని, ఆ రాయిని చూపించి, మళ్ళీ రొమ్ము తట్టుకుని, మా భాషలో "నేనే. నేనే చెక్కాను" అన్నాడు.

"ఏమంటున్నాడు?" అని దొర నన్నడిగాడు.

"చలిగా ఉందంటున్నాడు" అన్నాను.

దొర ఆయన్ని భుజం పట్టుకుని మళ్ళీ పొయ్యి దగ్గరికి జరిపాడు. ఆ రాయిని తోళ్ళలో చుట్టి విమానం ఎక్కించారు. అది దక్షిణాన ఎక్కడో పెద్ద హాల్లో ఉందట, దాని ముందు జనం నోరెత్తకుండా నిలబడతారట. మేమూ అంతే నిలబడ్డాం దాన్ని చెక్కినవాడి ముందు.

మళ్ళీ ఎండ పొడుగయ్యే రోజుల్లో ఊలూసీ కన్నది. ఈసారి ఆడపిల్ల. ఏడుపు అదే ఏడుపు. అవ్వ ఈసారి వేరే పేర్లేమీ ఎత్తలేదు, చలికాలమంతా ఎవరూ పలకని ఆ ఒక్క పేరూ పలికింది. పాప ఊరుకుంది. ఇంట్లో ఉన్నవాళ్ళందరం ఒకేసారి ఊపిరి వదిలాం. జేపెటీ గోడకేసి తిరిగి ఏడ్చాడు. ఎవరూ మా బావని పిలవలేదు, ఇమ్మని అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. ఆ పేరు పోయిన పిల్లాడి దగ్గర్నుంచి తిన్నగా చెల్లెలికి వచ్చింది, ఆయన దారిలో లేడు.

అడక్కపోయినా వచ్చాడు. పాపకి మెడ నిలిచిన రోజుల్లో, మేమంతా పొయ్యి చుట్టూ కూచుని సీల్ మాంసం తింటుంటే, తలుపు తోసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సన్నబడిపోయాడు. జేపెటీ ఆయన కాళ్ళ దగ్గర వదిలేసిన ఆ పనిముట్ల మూట రెండు మణికట్ల మధ్యా పట్టుకుని ఉన్నాడు. దాన్ని కింద పెట్టి, "ఇచ్చాను" అన్నాడు. "నా నోటితో ఇస్తున్నాను. సంతోషంగా ఇస్తున్నాను. ఇదిగో, ఇవీ దానికే."

అవ్వ ఎముక చీకుతోంది, చీకుతూనే ఉంది. జేపెటీ ఇంకో ముక్క కోసుకున్నాడు. మా అక్క పాప నోటి కోసం కాలేయం మెత్తగా నమలడంలో ఉంది. ఎవరైనా తిట్టినా బాగుండేదని ఆయన మొహంలో కనబడుతూనే ఉంది. నాకు జాలేసింది, అది నిజం. ఆ పిల్లాడి దుప్పటి ఎత్తి పట్టుకున్న చేతులు నావే, అదీ నిజం.

పాప నా వైపు చేతులు చాచింది.

"ఏం బావా, నా దగ్గరికొస్తావా?" అన్నాను.

"వస్తానే నివీ" అంది గుమ్మంలోంచి ఆయన గొంతు, పాత రోజుల్లోలా, వెంటనే.

ఇల్లంతా విన్నది. ఒక్క తలా తిరగలేదు. నేను పాపని ఎత్తుకుని, మొహంలో మొహం పెట్టి, "నిన్నే బావా," అన్నాను, "నిన్నే పిలిచింది."